ఎక్స్‌ట్రా మైల్ అడిగి తీసుకునేది కాదు

ఆఫీసుల్లో అప్రైజల్స్, అంటే ఉద్యోగుల పనికి మార్కులేసే రోజులు, నడుస్తున్నాయి. హైటెక్ సిటీ, రాయదుర్గం వైపు ఏ క్యాంటీన్‌లో కూర్చున్నా ఇదే వినబడుతోంది: "పని బాగానే చేశావ్, కానీ ఎక్స్‌ట్రా మైల్ వెళ్లలేదన్నారు." ఎక్స్‌ట్రా మైల్ అంటే, చేయాల్సిన దానికన్నా ఇంకాస్త ఎక్కువ చేయడం. వింటుంటే ఒళ్లు మండుతోంది.

ఆ మాటకు మూలం బైబిల్లో ఉంది, మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో. అప్పట్లో యూదులది రోమన్ల ఏలుబడి. సైనికుడు దారినపోయేవాణ్ని ఆపి మూట మోయమంటే మోయాల్సిందే. యేసు సిలువ మోయడానికి కురేనీయుడైన సీమోనును పట్టుకున్నదీ అలాగే. అట్లా ఒక మైలు రమ్మని బలవంతపెడితే, వాడితో రెండు మైళ్లు వెళ్లమన్నాడు యేసు. మొదటి మైలు బలవంతం, రెండోది నడిచేవాడి ఇష్టం. మనిషి గౌరవమంతా ఆ ఇష్టంలోనే ఉంది.

మొదటి మైలు సంగతి తెలంగాణ వాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. నిజాం కాలంలో అధికారి ఊరికొస్తే అతని సామాను పక్క ఊరి దాకా నెత్తిన మోసినవాళ్లు, దొర బండి ముందు పరుగెత్తినవాళ్లు మన ముత్తాతలే. కూలి లేదు, కాదనే వీల్లేదు. అదే వెట్టి. 1946లో మొదలైన సాయుధ పోరాటం వెనక ఆ కోపమూ ఉంది.

ఆఫీసు ఉద్యోగం వెట్టితో సమానమని నేననను. జీతం వస్తుంది, నచ్చకపోతే మానేయొచ్చు. కానీ రెండో మైలును పైనుంచి అడిగితే అది మళ్లీ మొదటి మైలే అవుతుంది.

మొన్న రాత్రి చివరి మెట్రో టైముకు రాయదుర్గం స్టేషన్లో మా టీమ్ అమ్మాయి కనబడింది. ఒళ్లో ల్యాప్‌టాప్, ఒక చెవిలో ఆఫీసు కాల్. రెండో చెవికి ఫోన్ ఆనించి వాళ్లమ్మతో "వస్తున్నా, నువ్వు తినేసెయ్" అంటోంది. అప్రైజల్ ఫామ్‌లో ఎక్స్‌ట్రా మైల్ కాలమ్ కింద ఆమెకు పడింది ఐదుకు మూడు. ఇదే అమ్మాయి, కొత్తగా చేరిన కుర్రాడు ఎర్రర్ లాగ్స్ అర్థంకాక బిక్కమొహం వేస్తే, లంచ్ మానేసి పక్కన కూర్చుని నేర్పింది. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ మెయిల్ పెట్టలేదు. అసలైన రెండో మైలంటే అదీ. దానికి ఏ ఫామ్‌లోనూ గడి లేదు.

మేనేజర్లూ, శనివారం పనుంటే పనుందని సూటిగా చెప్పండి. బదులుగా సెలవో డబ్బో ఇవ్వండి, చాలామంది సంతోషంగా చేస్తారు. ఆ కాలమ్ మాత్రం తీసేయండి.