సవరణ: బరోలో ఉన్నది అస్తి ప్రావిన్సులో కాదు

ఇటలీ వైన్ ప్రాంతాల మీద పెట్టిన పోస్టులో బరోలో ఊరు అస్తి ప్రావిన్సులోదని, ప్రావిన్సు అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకుంటారని ఉంది, రెండూ సరికాదు. బరోలో, బార్బరెస్కో అనే ఊళ్లు రెండూ అస్తి పక్కనున్న కూనెయో ప్రావిన్సులోవి. అస్తి వైపు ఉన్న ఊళ్లు కనెల్లి, నిజ్జా మొన్‌ఫెర్రాతో. అయోమయం సహజమేలెండి, మోస్కాతో అనే ద్రాక్షతో చేసే 'అస్తి' వైన్ ప్రాంతం అస్తి, కూనెయో, అలెస్సాంద్రియా మూడు ప్రావిన్సుల్లోనూ ఉంది, పైగా 1935లో విడిపోయేదాకా అస్తి కూడా అలెస్సాంద్రియాలో భాగమే. ఇక ఎన్నికలంటారా, 2014 చట్టం వచ్చాక అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది అక్కడి ఊళ్ల మేయర్లు, కౌన్సిలర్లు మాత్రమే, మామూలు ఓటరుకు ఓటే లేదు (నాకైతే ఇదేమంత నచ్చలేదు). ప్రావిన్సు చూసుకునేవి ముఖ్యంగా రోడ్లు, హైస్కూలు భవనాలు; వ్యవసాయ విధానం తూరిన్‌లో ఉండే పియెమోంతే (ఈ ప్రావిన్సులన్నీ ఉన్న పెద్ద ప్రాంతం) ప్రాంతీయ ప్రభుత్వం చేతిలో ఉంటుంది.