వీడియో పాఠం అందరికీ ఒకేలా అందుతుందా?

కోనసీమలోనూ చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో గోడకు ప్యానెళ్లు, అంటే వీడియో పాఠాలు చూపించే పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. 2022 డిసెంబరులో రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులూ ఇచ్చారు. బొమ్మలు కదులుతుంటే పాఠం దానంతటదే ఎక్కేస్తుందని పెద్దల ధీమా. నాకైతే ఆ ధీమా లేదు.

గుండె పాఠం సంగతే చూడండి. తెర మీద ఎరుపు, నీలం రంగుల్లో రక్తం పరుగెడుతుంది. ఇంగ్లిష్‌లో గొంతు వినిపిస్తుంది, అదే వాక్యం కింద అక్షరాల్లో వస్తుంది. వెనకాల మ్యూజిక్, మూలన చేతులూపే కార్టూన్. వెంట్రికల్ అంటే జఠరిక అని పిల్ల గుర్తు తెచ్చుకునేలోపు రక్తం ఊపిరితిత్తులకు చేరిపోతుంది.

విన్నదాన్నీ చూసినదాన్నీ కాసేపు మనసులో నిలుపుకుని పని చేయించుకునే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. చూసినదానికీ విన్నదానికీ అందులో వేర్వేరు చోట్లు ఉంటాయని 1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్యాడ్లీ, హిచ్ ప్రతిపాదించారు. ఒకేసారి పట్టేవి సుమారు నాలుగు అంశాలేనని 2001లో కోవన్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త లెక్కగట్టాడు. ఆ పరిమితి అందరిలో ఒకటి కాదు. మంచు యుగాల పాఠంలో అవసరంలేని ఆకర్షణీయ బొమ్మలు పెడితే, ఈ శక్తి తక్కువున్నవాళ్లే ఎక్కువ నష్టపోయారని 2006లో శాంచెజ్, వైలీ అనే పరిశోధకులు చూపించారు. ఆ కార్టూన్ ఫస్ట్ ర్యాంకర్‌కు సరదా, వెనకబెంచీ పిల్లకు బరువు.

ఇలా తడబడే పిల్లను మందబుద్ధి అనేయడం అన్యాయం. అదే పిల్లకు నీటిపారుదల పాఠం పెట్టండి. ధవళేశ్వరం నుంచి పంట కాలువ, లాకులు, తూము, బోదె, చేను... చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే కాబట్టి ఆమెకు అదంతా కలిపి ఒకటే అంశం. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లాడికి అవే ఐదు అంశాలు.

కింద అక్షరాలు తీసేయాలా? చిత్రాన్ని చూడాల్సిన కంటికి చదివే పని కూడా పెట్టొద్దని బొమ్మలూ మాటలూ కలిపి నేర్పడం మీద పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనలు చెబుతాయి. అయితే ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని పిల్లలకు అక్షరాలే ఊతమయ్యే సందర్భాలూ ఉన్నాయి. అందుకని ఆఫ్ చేసుకునే వీలుంటే చాలు. కొత్త పదాలు వీడియోకు ముందే బోర్డు మీద తెలుగులో చెప్పేయాలి. మ్యూజిక్ మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

మేయర్ చెప్పిన మరో మాట, పాఠాన్ని ముక్కలుగా ఆపి చూపించడం. ట్యాబులో పాజ్ పిల్ల చేతిలోనే ఉంటుంది. ప్యానెల్ దగ్గర మాస్టారి చేతిలో ఉంటుంది, ఆయనకేమో సిలబస్ టెన్షన్. మూడుసార్లు ఆపితే పీరియడ్ అయిపోతుంది. ప్యానెళ్లకు డబ్బు పెట్టినవాళ్లు సిలబస్‌లో ఆ కాసిని నిమిషాలు ఇంకా కేటాయించలేదు.