లాగిన్ టెస్టులో తప్పు పాస్‌వర్డ్‌కే పెద్దపీట వేయాలి

2011 జూన్ 19న దాదాపు నాలుగు గంటల పాటు, ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచుకునే డ్రాప్‌బాక్స్‌లో ఏ పాస్‌వర్డ్ కొట్టినా ఖాతా తెరుచుకుంది. ఆ మధ్యాహ్నం ఎక్కించిన కోడ్‌లోని లోపమే కారణం. సరైన పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి చూసే టెస్టును ఆ సమయంలో ఎన్నిసార్లు నడిపినా పాసయ్యేది. తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి, లోపలికి రానివ్వలేదని తేల్చుకునే టెస్టుకే ఆ లోపం దొరుకుతుంది. చాలా టీములు రాసేది మాత్రం మొదటి రకమే.

టెస్టులను వేగంగా నడపాలన్న తపన కూడా ఇందుకు తోడైంది. లాగిన్‌కు 4 సెకన్లు పడితే 200 టెస్టులకు 13 నిమిషాలు దానికే పోతాయి. అందుకే బ్రౌజర్‌ను తనంతట నడిపి పరీక్షించే ప్లేరైట్ అనే పనిముట్టులో ఒక్కసారి లాగిన్ అయి, స్టోరేజ్‌స్టేట్‌ను (ఆ లాగిన్‌కు బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న వివరాలను) ఫైల్‌లో దాచి మిగతా టెస్టులకు ఇస్తారు. అలాంటిదే అయిన సైప్రెస్‌లో సెషన్ కమాండ్ చేసేదీ దాదాపు ఇదే. పద్ధతి మంచిదే, అందరూ వాడాల్సిందే. కాకపోతే ప్లేరైట్ దాచే ఆ ఫైల్‌లోకి బ్రౌజర్ సెషన్‌స్టోరేజ్‌లో ఉన్నవి చేరవు. లాగిన్‌కు రుజువైన టోకెన్ అక్కడుంటే టెస్టు లాగిన్ లేకుండానే మొదలవుతుంది. ఆ ఫైల్‌లో పాస్‌వర్డ్ లేకుండానే ఖాతా తెరిచే కుకీలుంటాయి కాబట్టి, దాన్ని టీమంతా కోడ్ దాచుకునే గిట్‌లోకి వెళ్లనివ్వకూడదు. లాగౌట్‌ను పరీక్షించే టెస్టుకు సొంత సెషన్ ఉండాలి. లేదంటే సర్వర్ ఆ సెషన్‌ను రద్దు చేయగానే, దాన్నే పంచుకున్న టెస్టులు ఎక్కడివక్కడ ఫెయిలవుతాయి, కారణం ఓ పట్టాన దొరకదు.

ఇలా మిగిలిన నిమిషాలను, లోపలికి రానివ్వలేదని తేల్చుకునే నిరాకరణ టెస్టులకు ఖర్చు పెట్టాలి. వీటికి చాలావరకు బ్రౌజర్ అక్కర్లేదు, ప్రోగ్రాములు సర్వర్‌తో మాట్లాడే ఏపీఐకి నేరుగా రిక్వెస్ట్ పంపితే చాలు. తెరమీద ఎర్రక్షరాల సందేశం కనిపించిందని తృప్తి పడకూడదు. సందేశం చూపిస్తూనే సర్వర్ కుకీ ఇచ్చేసి ఉండవచ్చు. లాగిన్ కాదని సర్వర్ చెప్పే 401 కోడ్ వచ్చిందా అని చూసి, అదే క్లయింట్‌తో లాగిన్ తర్వాతే తెరుచుకోవాల్సిన పేజీని అడిగి, అక్కడా కాదనిపించుకోవాలి. ఖాళీ పాస్‌వర్డ్, మరో యూజర్ పాస్‌వర్డ్, చివరి అక్షరం తీసేసిన పాస్‌వర్డ్, అన్నింటితోనూ ఇదే చేయాలి. వరుస తప్పులకు ఖాతా లాకయ్యే ఏర్పాటు ఉంటే ప్రతి టెస్టుకూ వేరే ఖాతా సృష్టించుకోవాలి.

పొడవైన ఇన్‌పుట్‌లను ఎవరూ పట్టించుకోరు. కంపెనీలకు లాగిన్ సేవలందించే ఆక్టా సంస్థ 2024 అక్టోబరులో తన వ్యవస్థలో గుర్తించిన లోపం అక్కడిదే. యూజర్ ఐడీ, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కలిపి, వెనక్కి చదవలేని హ్యాష్‌గా మార్చే బీక్రిప్ట్‌తో కాష్ కీ (ముందటి లాగిన్‌ను వెతికి పట్టుకునే గుర్తు) తయారుచేశారు. బీక్రిప్ట్ 72 బైట్ల తర్వాత వచ్చేదాన్ని చూడదు. యూజర్‌నేమ్‌లో 52 లేదా అంతకు మించి అక్షరాలుంటే, కొన్ని పరిస్థితుల్లో పాస్‌వర్డ్‌తో పనిలేకుండా పోయింది. మన లిపికి ఈ హద్దు ఇంకా త్వరగా వస్తుంది. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు, అంటే 24 గుర్తులతో సరి. మొదటి 24 ఒకటేగా ఉండి, ఆపై తేడా ఉన్న రెండు తెలుగు పాస్‌వర్డ్‌లతో టెస్టు రాసి చూడండి. ఐత్వం సంగతీ ఉంది: యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగానూ, రెండు గుర్తుల జంటగానూ రాయవచ్చు. హ్యాష్ చేసేముందు నార్మలైజ్ చేయకపోతే, అంటే రెండింటినీ ఒకే రూపానికి తేకపోతే, సరైన పాస్‌వర్డ్ కొట్టినవారే బయట ఉండిపోతారు.

లాగిన్‌కు ముందున్న సెషన్ కుకీ విలువ లాగిన్ తర్వాత మారాలి. లాగౌట్ అయ్యాక పాత కుకీని మళ్లీ పంపితే సర్వర్ ఒప్పుకోకూడదు. బ్రౌజర్‌లో కుకీ చెరిపేసి ఊరుకున్న అప్లికేషన్లు ఈ టెస్టుకే దొరికిపోతాయి.

అథెంటికేటర్ యాప్ కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. 29వ సెకనులో తయారుచేసిన కోడ్ సర్వర్‌కు చేరేలోపే పాతబడవచ్చు. గడువు 5 సెకన్లలోపు ఉంటే తర్వాతి కోడ్ కోసం ఆగేలా రాయాలి. ఒకసారి ఒప్పుకున్న కోడ్‌ను రెండోసారి ఒప్పుకోకూడదనేది ఆర్‌ఎఫ్‌సీ 6238 నియమం. కాబట్టి ఒకే ఖాతాతో రెండు టెస్టులు పక్కపక్కనే నడిస్తే రెండోది ఫెయిలవడం సర్వర్ తప్పు కాదు.

ఎస్ఎంఎస్ ఓటీపీకి టెస్టు సర్వర్‌లో 123456 లాంటి స్థిరమైన కోడ్ పెట్టుకోవడం మామూలే. అది అసలు సర్వర్‌కు పొరపాటున కూడా చేరకూడదు. ప్రతి రిలీజ్ తర్వాత ప్రొడక్షన్‌లో నడిచే మొదటి టెస్టు, ఆ 123456 కొట్టి కాదనిపించుకునేదై ఉండాలి. అది ఫెయిలైతే మిగతా టెస్టుల కోసం చూడకుండా రిలీజ్‌ను వెనక్కి తీసుకోవాలి.