అవతలివాళ్ల కాగితాలు చూడని యుద్ధ చరిత్రను నేను నమ్మను

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ సముద్రం మీద అమెరికా, జపాన్ నౌకాదళాల మధ్య జరిగిన మిడ్‌వే యుద్ధం గురించి చదివినవాళ్లకు ఆ 'ఐదు నిమిషాల' కథ తెలిసే ఉంటుంది. 1942 జూన్ 4 ఉదయం జపాన్ విమానవాహక నౌకల డెక్‌ల మీద బాంబులతో, టార్పెడోలతో విమానాలన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఇంకో ఐదు నిమిషాలైతే లేచిపోయేవి, సరిగ్గా అప్పుడే అమెరికా డైవ్ బాంబర్లు (పైనుంచి నిటారుగా దూకుతూ బాంబులు వేసే విమానాలు) విరుచుకుపడ్డాయి అని. ఏళ్ల తరబడి దీన్ని నమ్మాను. ఎంతమందికి చెప్పానో! అది నిజం కాదని తెలిసిన రోజు చాలా కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు.

ఆ కథ చెప్పింది ఊరూ పేరూ లేని మనిషి కాదు. పెర్ల్ హార్బర్ దాడిలో విమానాలను ముందుండి నడిపిన ఫుచిడా మిత్సువో. మిడ్‌వే నాటికి అపెండిసైటిస్ ఆపరేషన్ అయి అకాగి నౌక మీదే ఉన్నాడు. ఆయన పుస్తకం 1951లో జపనీస్‌లో, 1955లో ఇంగ్లీషులో వచ్చింది. ప్రత్యక్ష సాక్షి రాశాక ఇంకెవరు అనుమానిస్తారు? తర్వాతివాళ్లు చాలామంది అదే రాసుకుంటూ పోయారు.

కానీ ఆ నౌకల విమాన దళాల రికార్డులు మిగిలే ఉన్నాయి. ఏ ఫైటర్ ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది అని వాటిలో ఉంది. ఆ ఉదయమంతా కాపలా ఫైటర్లు దిగుతూ లేస్తూనే ఉన్నాయి. డెక్ నిండా బాంబర్లు బారులు తీరి ఉంటే ఫైటర్లు ఎక్కడ దిగుతాయి? దాడికి వెళ్లాల్సిన విమానాలు చాలావరకు కింద హ్యాంగర్లలోనే ఉన్నాయి. వాటిని లిఫ్టుల్లో పైకి తెచ్చి, వరసలో నిలబెట్టి, ఇంజన్లు వేడెక్కించడానికి ముప్పావు గంట దాకా పడుతుంది. ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదు. జపాన్ అధికారిక చరిత్ర 1971లోనే ఈ సంగతి చెప్పింది. అది జపనీస్‌లో ఉంది కాబట్టి ఎక్కువమంది చదవలేదు. ఇంగ్లీషు పాఠకులకు గట్టిగా చేరింది 2005లో. మధ్యలో ఎన్ని పుస్తకాలు అమ్ముడుపోయి ఉంటాయో ఆలోచించండి.

అప్పటినుంచి ఏ పుస్తకం తీసుకున్నా మొదట ఆధారాలు ఇచ్చే వెనక పేజీలు తిప్పుతాను. శత్రువు నష్టాల లెక్క శత్రువు రికార్డుల నుంచే తెచ్చారా లేదా అని చూస్తాను. 1943 జూలై 12న రష్యాలోని ప్రొఖొరోవ్కా దగ్గర జర్మన్ల భారీ ట్యాంకులైన టైగర్లను 70 దాకా ధ్వంసం చేశామని సోవియట్ పక్షం చెప్పుకుంది. అక్కడ పోరాడిన జర్మన్ ట్యాంకు దళం ఎస్.ఎస్. పాంజర్ కోర్ కాగితాల ప్రకారం పనిచేసే స్థితిలో ఉన్న టైగర్లు 20 కూడా లేవు. అందరూ కావాలని అబద్ధం చెప్పారని కాదు. పొగలో, దుమ్ములో ఒకే ట్యాంకును నలుగురు కొట్టి నలుగురూ లెక్క వేసుకుంటారు. ఆగిపోయిన ట్యాంకును శత్రువు రాత్రికి రాత్రి లాక్కెళ్లి బాగుచేసుకుంటాడు. ఇవన్నీ తెలిసిన రచయిత కూడా ఆ అంకెను అలాగే దించేస్తే అది బద్ధకం.

ఫుట్‌నోట్లు ఉంటే చాలదా అంటారు. చాలదు. ఆ ఫుట్‌నోట్ ఇంకో పాపులర్ పుస్తకానికి పోతే, అది మరో పుస్తకానికి పోతే, చివరికి ఆధారం ఏదీ? సేనానుల ఆత్మకథలైతే ఇంకా జాగ్రత్తగా చదవాలి. హిట్లర్ సేనానుల్లో ఒకడైన మాన్‌స్టైన్‌కు 1949లో బ్రిటిష్ సైనిక కోర్టు యుద్ధ నేరాలకు 18 ఏళ్ల శిక్ష వేసింది. 1953లో విడుదలయ్యాడు. 1955లో వచ్చిన ఆయన ఆత్మకథలో తప్పులన్నీ దాదాపు హిట్లర్‌వే, నేరాల ఊసు దాదాపు లేదు. ఇక ఆ రాత్రే చనిపోయిన సైనికుడు చివరి క్షణంలో ఏమనుకున్నాడో రాసే పుస్తకాలను నేను పక్కన పెట్టేస్తాను.

"కథ బాగుంది కదా, ఈ చిన్న తప్పులకు ఏమవుతుంది?" అని అడిగేవాళ్లకు పోలిష్ ఆశ్వికుల సంగతి చెబుతాను. 1939 సెప్టెంబర్ 1న పోలండ్‌లోని క్రొయాంటీ దగ్గర వాళ్లు దాడి చేసింది జర్మన్ పదాతి దళం మీద. ముందు దాన్ని చెదరగొట్టారు కూడా. తర్వాత జర్మన్ల ఆర్మర్డ్ కార్లు వచ్చి మెషిన్ గన్లు పేల్చాయి. వాళ్ల కల్నల్ అక్కడే చనిపోయాడు. ఆ తర్వాత శవాలను, దగ్గర్లోని ట్యాంకులను చూసిన విలేకరులు ఆ ఆశ్వికులు ఈటెలతో ట్యాంకుల మీదికి వెళ్లారని రాశారు. ఏం చేస్తున్నారో తెలిసి చేసిన సైనికులను ఇన్నేళ్లుగా మూర్ఖులుగా చూపిస్తూనే ఉన్నారు. ఇది చిన్న తప్పా?