సవరణ: బిల్డ్ ఆర్గ్యుమెంట్‌లో టోకెన్ దాగదు

డాకర్‌ఫైల్‌లో (డాకర్ ఇమేజ్‌ను బిల్డ్ చేసే ఆదేశాల ఫైల్) ఆర్గ్ (బిల్డ్ సమయంలో ఇచ్చే విలువ), ఎన్వ్ (ఇమేజ్‌లోనే ఉండిపోయే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) తేడాల గురించి ఇదివరకు రాసిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. "ఆర్గ్ విలువ బిల్డ్ అయ్యేంతవరకే ఉంటుంది, కాబట్టి ప్రైవేట్ ప్యాకేజీల టోకెన్‌ను దాని ద్వారా ఇవ్వొచ్చు" అన్నాను. మొదటి సగం కొంతవరకే నిజం. రెండో సగం నిజం కాదు, పాస్‌వర్డ్ లాంటి ఆ టోకెన్ దాగదు.

ఇమేజ్ నుంచి మొదలై నడుస్తున్న కంటెయినర్‌లో ఆర్గ్ కనిపించదు. కానీ డాకర్‌ఫైల్‌లో దాని తర్వాత వచ్చే రన్ ఆదేశాలతో (బిల్డ్‌లో కమాండ్‌లు నడిపేవి) పాటు ఆ విలువ ఇమేజ్ చరిత్రలోకి ఎక్కుతుంది. ఇమేజ్ చేతికందిన ఎవరైనా డాకర్ హిస్టరీ కమాండ్ కొడితే టోకెన్ ఉన్నదున్నట్టు బయటపడుతుంది. ఎన్వ్‌లో పెడితే ఇంకా ఘోరం. కంటెయినర్‌లోని ప్రాసెస్‌లకు అది మామూలుగానే అందుతుంది. తర్వాతి రన్‌లో అన్‌సెట్ చేసినా ఆ ఒక్క అడుగుకే పనిచేస్తుంది.

ఇలాంటివాటికి డాకర్ బిల్డ్ ఇంజిన్ అయిన బిల్డ్‌కిట్‌లోని సీక్రెట్ మౌంట్ వాడండి. ఆ రన్ నడిచినంతసేపే టోకెన్ ఫైల్‌గా కనిపిస్తుంది, ఇమేజ్ లేయర్‌లో (పొరలో) మిగలదు. (మీరే దాన్ని ఇంకోచోటికి కాపీ చేస్తే మాత్రం ఎవరూ కాపాడలేరు.) నా మాట విని టోకెన్ పెట్టినవాళ్లు డాకర్‌ఫైల్ సరిదిద్దితే చాలదు, పాత టోకెన్ రద్దు చేసి కొత్తది తీసుకోండి. ఈ టెన్షన్ నావల్లే, క్షమించండి.

ఇంకొకటి: ఒకే పేరుతో ఆర్గ్, ఎన్వ్ రెండూ ఉంటే ఎన్వ్‌దే పైచేయి. నేను తలకిందులుగా రాశాను. అలాగే ఫ్రమ్‌కు (బేస్ ఇమేజ్ చెప్పి కొత్త స్టేజీ, అంటే బిల్డ్‌లో ఒక దశ, మొదలుపెట్టే ఆదేశం) ముందు ప్రకటించిన ఆర్గ్ ఆ తర్వాతి స్టేజీలో ఖాళీగా వస్తుంది. అక్కడ విలువ లేకుండా, పేరు మాత్రం ఇచ్చి ఆర్గ్ అని మళ్లీ రాయాలి.