ఒక కాలు లోపల, ఒక కాలు బయట

సోమవారం నుంచి శుక్రవారం దాకా నల్ల బూట్లు, శనివారం తెల్ల బూట్లు. ఈ ఒక్క ముక్క తెలియని పిల్లాడు రేపు దేశాన్ని ఏం ఉద్ధరిస్తాడు? మా మేనల్లుడి స్కూల్లో అందుకే శనివారం పొద్దున్నే గేటు దగ్గర బూట్ల తనిఖీ పెట్టారు. లెక్కలు మెల్లగా వస్తాయిలెండి, తొందరేముంది.

పీఈటీ సారు మెడలో విజిల్‌తో వస్తారు. ఒక్కో బూటు ముందూ వంగి, చూపుడు వేలితో రాసి, ఆ వేలిని ఎండకి పెట్టి చూస్తారు. తెల్లపొడి అంటిందా, దొంగ దొరికాడన్నమాట. బూటు ఉతక్కుండా సుద్దముక్క రుద్దుకొచ్చాడు. పైగా ఆ సుద్దముక్క స్కూలుదే. ఇక గుంజీలే.

మొన్న మావాడి బూట్లలో ఒకటి ఆరలేదు. వాడు ఒక కాలికి తెల్లదీ, రెండో కాలికి నల్లదీ వేసుకుని వెళ్లాడు. సారు బిత్తరపోయారు. సగం క్రమశిక్షణకి ఏ శిక్షో డైరీలో రాయలేదు మరి. ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చారు, ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. చివరికి తెల్ల కాలు గేటు లోపల, నల్ల కాలు బయట పెట్టి నిలబడమన్నారు. ఫస్ట్ పీరియడ్ అయిపోయేదాకా వాడు సరిహద్దు రాయిలా అక్కడే ఉన్నాడు.

నవ్వుకున్నాం. కానీ ఆ గేటు పక్కనే ఇంకో లైను ఉంది, ఫీజు కట్టనివాళ్లది. కట్టనిది నాన్న, నిలబడింది రెండో తరగతి పిల్ల. ఇదేం క్రమశిక్షణండీ? అప్పులవాడు కూడా ఇంటికొచ్చి పెద్దవాళ్లనే అడుగుతాడు, పసిపిల్లని ఎండలో నిలబెట్టడు! పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అదే ఏడాది కడప జిల్లా మైదుకూరులో, తెలుగు మాట్లాడిన పాపానికి, ఇంకెప్పుడూ మాట్లాడనని ఇంగ్లీషులో రాసిన బోర్డులు ఒక స్కూల్లో పిల్లల మెడలో వేలాడదీశారు. చట్టాన్ని ఎవరు చదివినట్టు?

సారు అలవాటుకొద్దీ ఆ పిల్ల బూటు మీదా వేలు రాసి చూశారు. ఏమీ అంటలేదు. శుభ్రంగా ఉతికిన బూట్లు. వేలు ప్యాంటుకి తుడుచుకుని పక్క పిల్లాడి దగ్గరికి వెళ్లారు.