గోరువెచ్చటి బురద నీళ్లట!

ఇప్పుడే ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ల గ్రూపు ఒకదాంట్లో చూశా, ఒళ్లు మండిపోతోంది. ఎవరో కొత్తగా వచ్చిన అబ్బాయి పాపం మర్యాదగా అడిగాడు: "లీడ్స్‌లో దిగి వారమైంది అన్నా, పబ్‌కి వెళ్తే ఏ బీరు బాగుంటుందో చెప్పండి" అని. దానికి ఓ సీనియర్ అన్నగారి జవాబు: "ఆ పొడుగు పిడి లాగి పోసేవి మాత్రం ముట్టుకోకు తమ్ముడూ. గోరువెచ్చటి బురద నీళ్లు. గ్యాస్ ఉండదు, చల్లదనం ఉండదు. కళ్లు మూసుకుని మాడ్రి చెప్పు." కింద వరసగా బొటనవేళ్లు, పగలబడి నవ్వే బొమ్మలు.

మాడ్రి! ఆ లాగర్ని (చల్లగా, గ్యాస్‌తో వచ్చే లేత రంగు బీరు) స్పెయిన్ సరుకు అనుకుంటున్నారు పాపం. పంపు మీద స్పానిష్‌లో 'మాడ్రిడ్ ఆత్మ' అని రాసుంటుంది కదా మరి. ఆ ఆత్మ తయారయ్యేది యార్క్‌షైర్‌లో, టాడ్‌కాస్టర్‌లో. లీడ్స్ నుంచి కారులో అరగంట. అదే టాడ్‌కాస్టర్‌లో శామ్యూల్ స్మిత్ వాళ్లు ఓల్డ్ బ్రూవరీ బిట్టర్ అనే చేతిపంపు బీరుని ఈ రోజుకీ చెక్క పీపాల్లో నింపి పంపుతున్నారు. ఒకే ఊరి నుంచి రెండు బీర్లు వస్తుంటే, దొంగ పాస్‌పోర్ట్‌తో వచ్చినదాన్ని నెత్తిన పెట్టుకుని, ఉన్న ఊరి పేరు చెప్పుకున్నదాన్ని బురద అంటున్నాం. 'మన తిండికి మన బీరు' అని కర్రీ హౌస్‌లో కోబ్రా బీరు చెప్పేవాళ్లకీ ఒక మాట. దాన్ని పెట్టిన కరణ్ బిలిమోరియా హైదరాబాద్‌లో పుట్టినాయనే, కాదనను. సీసా మాత్రం నిండేది ఇంగ్లండ్‌లోనే, బర్టన్ అనే బీర్ల ఊళ్లో.

సరే, ముందు 'గోరువెచ్చటి' సంగతి చూద్దాం. ఆ పొడుగు పిడి లాగి పోసే పీపా బీరుని రియల్ ఏల్ అంటారు. దాన్ని ఉంచాల్సింది 11 నుంచి 13 డిగ్రీల దగ్గర. డిసెంబర్లో తెల్లారి ఐదింటికి హైదరాబాద్‌లో ఉండే చలి అది. ఆ చలికి మంకీ క్యాప్ లేనిదే పాల ప్యాకెట్ కోసం గుమ్మం దాటని మనం, అదే 12 డిగ్రీలు గ్లాసులో ఉంటే వేడి అంటాం! ఫ్రిజ్‌లో 4 డిగ్రీలకు గడ్డకట్టించిన లాగర్ మన కొలబద్ద అయిపోయింది. అంత చల్లగా పెడితే నాలుక మొద్దుబారుతుంది, హాప్స్ (చేదుకీ వాసనకీ వేసే పూలు) వాసన లేవదు, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి తెలియదు. కొన్ని బీర్లు దాని దెబ్బకే గ్లాసులో మసకబారతాయి కూడా. రుచి లేని సరుకు అమ్మేవాడికి ఐసు దేవుడిచ్చిన వరం. పెళ్లి భోజనాల్లో పెరుగు పుల్లబడితే ఫ్రిజ్‌లో తోసి చల్లగా వడ్డించే కిటుకు లాంటిదే.

ఇక గ్యాస్. లాగర్‌లో దాని ఘనపరిమాణానికి రెండున్నర రెట్లు కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి ఉంటుంది. పీపా బీరులో దాదాపు ఒక రెట్టే, అదీ ఈస్ట్ లోపల మిగిలిన చక్కెరను తింటూ తనంతట తాను పుట్టించింది. బయటి నుంచి సిలిండర్ పెట్టి తోయరు, చేత్తో పంపు లాగి పోస్తారు. వడగట్టని, పాశ్చరైజ్ చెయ్యని, పీపాలో ఇంకా బతికే ఉన్న బీరు. రియల్ ఏల్ అంటే అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. నాలుక మీద సూదుల్లా గుచ్చితేనే బీరు అనుకుంటే సోడా తాగండి, చవక.

బురద అన్నారు కదా, అక్కడికే వస్తున్నా. అసలు గొడవంతా సెల్లార్‌లో ఉంది. సెల్లార్ అంటే మన అపార్ట్‌మెంట్ కింద బైకులు పెట్టుకునేది కాదు, పబ్ కింద పీపాలు పడుకునే చల్లటి గది. ఫర్కిన్ అనే పీపాలో 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు (పింట్ అంటే అర లీటరు కన్నా కాస్త ఎక్కువ పట్టే గ్లాసు). దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, దొర్లకుండా చీలలు బిగించి, తక్కువలో తక్కువ ఒక రోజు కదపకూడదు. పైన ఉన్న బిరడాలోకి మెత్తటి చెక్క మేకు దిగ్గొడతారు. దాని పీచులోంచి గ్యాస్ మెల్లగా బుసకొడుతూ బయటికొస్తుంది, నురగ కక్కుతుంది. తుడవడం, నురగ ఎండి పట్టేస్తే మేకు మార్చడం. నురగ ఆగాక గట్టి మేకు వేస్తారు, మిగిలిన గ్యాస్ పారిపోకుండా. ముందు వైపు బిరడాలోకి కుళాయి దింపడం ఒకే దెబ్బకి అయిపోవాలి. చెక్క సుత్తితో భయం భయంగా నాలుగు తట్టారో, బీరు మొహాన చిమ్ముతుంది, అడుగున పేరుకున్న మడ్డి అంతా లేస్తుంది. పీపా సగం ఖాళీ అయ్యేలోపు వెనక వైపు రెండు మూడు అంగుళాలు మెల్లగా ఎత్తాలి. బద్ధకించి ఆఖర్లో ఎత్తితే మళ్లీ అదే మడ్డి గ్లాసులోకి. ఆ అన్నగారు తాగిన 'బురద' ఇదే అయ్యుంటుంది. తప్పు సుత్తి పట్టుకున్నవాడిదైతే తిట్లు బీరుకి!

అన్నట్టు, ఆ మడ్డిని కిందికి దింపేది ఏంటో తెలుసా? ఐజింగ్లాస్. చేప గాలితిత్తి నుంచి తీస్తారు. కేకులో గుడ్డుందా అని మూడుసార్లు అడిగే శాకాహారి మిత్రులు దీని గురించి ఒక్కసారీ అడగరు. ఈ మధ్య చాలామంది అది కలపకుండానే పంపుతున్నారు, పంపుకి తగిలించే పేరు బిళ్ల మీద 'అన్‌ఫైన్డ్' అని ఉంటుంది. ఆ బీరు మసకగానే ఉంటుంది, అది పాడైనట్టు కాదు. మసక కనపడగానే మొహం చిట్లించే పెద్దమనుషులు ముందు ఆ బిళ్ల చదవండి.

నిజంగా పాడైతే ఎలా తెలుస్తుంది? ముక్కుతో. వెనిగర్ వాసన వస్తే గాలి తగిలి పులిసిపోయింది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే రోజులు దాటింది. మరీ వెన్న పూసినట్టుంటే కిణ్వం సరిగ్గా ముగియలేదు, లేదా గొట్టాల్లో మురికి చేరింది. ఆ గొట్టాలు వారానికోసారి కడగాలి, రాత్రంతా వాటిలో నిలవున్న బీరు పొద్దున్నే పారబోయాలి. కక్కుర్తిపడి అది పోసేవాళ్లుంటారు, అందుకే తలుపు తీయగానే మొదటి పింట్ మీరవకండి. అగ్గిపుల్ల గీసినట్టు లేతగా గంధకం వాసన వస్తే మాత్రం కంగారు వద్దు. బర్టన్ నీళ్లలో జిప్సం ఎక్కువ, ఆ బీర్ల పుట్టు లక్షణం అది. డ్రాట్ బాస్ అనే బర్టన్ బీరు దొరికితే వాసన చూడండి, 4.4 శాతం ఆల్కహాల్. 1876లో బ్రిటన్‌లో నమోదైన మొట్టమొదటి ట్రేడ్‌మార్క్ దాని ఎర్ర త్రికోణమే. పేరులోనే బాస్!

బాగోలేకపోతే రెండు గుక్కల్లోనే కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి 'ఇది పులిసింది, మార్చండి' అనాలి. సరైన పబ్ అయితే మారు మాట్లాడకుండా మారుస్తుంది. మనవాళ్లు ముప్పావు గ్లాసు తాగేసి, బయటికొచ్చి, గ్రూపులో తీర్పు ఇస్తారు.

లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి. కుళాయి దింపాక పీపా ఆయుష్షు 3 రోజులు. 72 పింట్లు 3 రోజుల్లో అయిపోవాలంటే ఒక్కో పంపు మీద రోజుకి 24 పింట్లు కదలాలి. 10 పంపులున్న పబ్‌లో మంగళవారం సాయంత్రం నలుగురే కూర్చుని ఉన్నారా? దండం పెట్టి బయటికి రండి. ఎన్ని పంపులుంటే అంత గొప్ప అనుకునేవాళ్లకి చెప్పినా అర్థం కాదు, 200 ఐటమ్స్ ఉన్న మెనూ చూసి మురిసిపోయే బ్యాచ్ అది. 3 పంపులు, నిండా జనం, అక్కడ కూర్చోండి. 'ఈ రోజు ఏది బాగా పోతోంది?' అని అడగండి. రుచికి ఒక చుక్క పోయమంటే పోస్తారు, సిగ్గుపడక్కర్లేదు. బిళ్ల వెనక్కి తిప్పి ఉంటే ఆ బీరు అయిపోయినట్టు.

ఇక ఏది తాగాలి అంటే, మన వైన్‌షాపు ప్రశ్న వెంటనే వచ్చేస్తుంది: "స్ట్రాంగా, లైటా?" ఎనిమిది శాతం లోపు అని లేబుల్ మీద రాసున్న సీసాతో పెరిగిన ప్రాణాలు కదా, 4 శాతం అనగానే నీళ్లు అంటాయి. రూపాయికి ఎంత కిక్కు అనే లెక్క తప్ప ఇంకో లెక్క నేర్పలేదు మనకి. తేలిక బీరు చెయ్యడమే కష్టం, రుచి దాచడానికి ఆల్కహాల్ సాయం ఉండదు. (బ్రిటన్‌లో 2023 ఆగస్టు నుంచి 3.5 శాతం లోపు బీరుకి పన్ను బాగా తగ్గింది. దానికోసం పాత బీర్లను 3.4కి దించినవాళ్లున్నారు. వాటిని నీళ్లు అనండి, అడ్డు చెప్పను.)

లాగర్ నుంచి వచ్చేవాళ్లు మొదట బంగారు రంగువి పట్టండి: ఓకమ్ సిట్రా, 4.2 శాతం, నిమ్మతొక్క, పంపరపనస వాసన. ఆ తర్వాత బిట్టర్, అంటే కాస్త చేదు తగిలే రాగిరంగు ఏల్. టిమోతీ టేలర్ ల్యాండ్‌లార్డ్, 4.3, కీత్లీ ఊరిది, గోల్డెన్ ప్రామిస్ మాల్ట్. సెల్లార్‌లో ఓపిక పట్టినవాడి దగ్గర అమృతం, తొందరపడ్డవాడి దగ్గర ఉత్త చేదు. దక్షిణాన ఉంటే లూయిస్ ఊరి హార్వీస్ సస్సెక్స్ బెస్ట్, 4 శాతం. లండన్‌లో ఫుల్లర్స్ ఈఎస్‌బీ, పీపాలో 5.5. వాళ్ల బీరు తయారీ వ్యాపారం 2019లో జపాన్ కంపెనీ ఆసాహీ చేతికి వెళ్లింది కాబట్టి తాగను అనేవాళ్లున్నారు, వాళ్ల ఇష్టం. నలుపులో స్టోక్ వాళ్ల టైటానిక్ ప్లమ్ పోర్టర్, 4.9. చలికాలంలో మాషమ్ ఊరి థీక్‌స్టన్ ఓల్డ్ పెక్యూలియర్, 5.6, బెల్లం పాకం, ఎండు ఖర్జూరం తలపుకొస్తాయి.

థార్న్‌బ్రిడ్జ్ జైపూర్, 5.9. మంచి బీరే. కానీ పేరు చూసి బిర్యానీ పక్కన పెట్టకండి. హాప్స్ చేదు, మిరపకాయ మంట ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. గోంగూర మటన్‌తో అది తాగితే నోరు తగలబడిపోతుంది. మన కారానికి మాల్ట్ తీపి ఉన్న ముదురు రంగువే సరి, పైన చెప్పిన పెక్యూలియర్ పెట్టి చూడండి.

నా అసలు మంట ఇంకోటి. ఇంగ్లీషువాడికి బీరు బతికుంటుందని చెప్పాలేమో గానీ, మనకి చెప్పాలా? కల్లు అంటే ఏంటి? పొద్దున తీపి, మధ్యాహ్నానికి పొంగు, సాయంత్రానికి పులుపు. లొట్టిలో సున్నం రాస్తే నీరా, రాయకపోతే కల్లు. పోద్దాటి కల్లా పండుతాటి కల్లా, ఈత కల్లా అని నాలుకతో చెప్పేసే తాతలున్న జాతి మనది. ఫిల్టర్ లేదు, సిలిండర్ లేదు, ఐసు లేదు. గోరువెచ్చగా, తెల్లగా, మసకగా, పైన ఈగో చీమో తేలుతూ ఉండే దాన్ని ముంతలెత్తి తాగిన మనవలు ఇక్కడికొచ్చి బురద అంటున్నారు!

1971లో, పబ్బుల నిండా కెగ్ అనే మూసిన డబ్బాల్లోంచి గ్యాస్ కొట్టి పోసే బీరే వస్తుంటే, నలుగురు కుర్రాళ్లు తిక్కరేగి రియల్ ఏల్ కోసం క్యామ్రా అని సంఘం పెట్టారు. 1974 నుంచి ఏటా ఏ పబ్‌లో మంచి పీపా ఉందో పుస్తకం అచ్చేస్తున్నారు. తాగేవాళ్లే తమ తాగుడు కోసం సంఘం పెట్టుకున్నారండీ! మన దగ్గర? హైదరాబాద్‌లో 2004లో కల్లు దుకాణాలు మూశారు, 2014లో తెరిచారు. రెండుసార్లూ ఓట్ల లెక్కే తప్ప ముంతలో ఏముందని అడిగిందెవరు? చెట్లు లేని చోట రోజూ డ్రమ్ములకు డ్రమ్ములు కల్లు ఎక్కడ్నుంచి ఊరుతోందని ఎవరైనా లెక్క కట్టారా? అల్ప్రాజోలం అనే మత్తు మందు కలిపిన నీళ్లని కల్లు అని పోశారు, 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు మనుషులు పోయారు. వారం రోజులు టీవీలో అరుపులు. మోకు, ముస్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి నిజంగా చెట్టెక్కే గీత కార్మికుడికి, పొడి కలిపేవాడికి ఒకటే పేరు. ఏ దుకాణంలో చెట్టు కల్లు దొరుకుతుందో చెప్పే పుస్తకం ఏదీ? నాటు సరుకు అని మనమే మొహం తిప్పుకున్నాం. ఇక్కడికొచ్చీ అదే తిప్పుడు.

తమ్ముడూ, ఆ గ్రూపు మాట వదిలెయ్. లీడ్స్ నుంచి కీత్లీకి రైలు అరగంట. స్టేషన్ నుంచి నడిచిపోతే బోల్ట్‌మేకర్స్ ఆర్మ్స్ అని టిమోతీ టేలర్ వాళ్ల చిన్న పబ్ ఉంటుంది. పింట్ వద్దు, హాఫ్ చెప్పు, ల్యాండ్‌లార్డ్. పంపు మూతికి స్పార్క్లర్ అనే చిల్లుల బిళ్ల ఉంటుంది, మీగడలా నురగ కడుతుంది. అది దిగేదాకా ఆగు. నురగ పోగా బీరు మరీ తక్కువగా కనిపిస్తే 'కొంచెం నింపండి' అను, నింపుతారు. ఫొటో మాత్రం గ్రూపులో పెట్టకు.